గోడ అవతల కూడా ఒక బడి ఉంది



మా అబ్బాకు ఈసీఐఎల్ చౌరస్తా దగ్గర సైకిల్ దుకాణం ఉండేది. దుకాణం అంటే రేకుల కింద ఒక డబ్బా, ఒక గాలి పంపు, పంక్చర్ చూసుకోవడానికి నీళ్ళ తొట్టి. ఎనభైల చివర్లో ఎన్‌ఎఫ్‌సీకీ, ఈసీఐఎల్‌కీ పొద్దున షిఫ్టుకు వెళ్ళేవాళ్ళలో చాలామందికి సైకిళ్ళే. బడి లేని రోజు నేనూ వెళ్ళి బ్రేక్ రబ్బర్లు మార్చేవాణ్ణి. "లోపల ఏం చేస్తారు అబ్బా?" అని అడిగితే ఆయన పంపు కొడుతూనే "బాంబ్ బనాతే బేటా, తేరేకు కైకు" అనేవారు.

ఇరవై ఏళ్ళు ఆ గోడ పక్కన గాలి కొట్టిన మనిషికి, గోడ అవతల బాంబు తయారవుతుందనే తెలుసు. అది నిజం కాదని నాకు తెలిసేసరికి నేను పత్రికలో చేరి నాలుగేళ్ళయింది.

లోపల జరిగేది వేరే పని. న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ 1971లో మొదలైంది. జార్ఖండ్‌లోని జాదుగుడా వైపు గనుల నుంచి పసుపు రంగు యురేనియం ముడిసరుకు వస్తుంది. దాన్ని శుద్ధి చేసి, యురేనియం డయాక్సైడ్ చేసి, చిన్న చిన్న నల్లటి బిళ్ళలుగా ఒత్తి, కొలిమిలో కాలుస్తారు. ఆ బిళ్ళల్ని జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాల్లో వరసగా పేరుస్తారు. అలాంటి గొట్టాలు 19 కలిపితే అర మీటరు పొడవున్న ఒక కట్ట. 220 మెగావాట్ల రియాక్టర్ ఒక్కదానికి అలాంటి కట్టలు 3,672 కావాలి. కర్ణాటకలో కైగా, యూపీలో నరోరా, అక్కడ వెలిగే బల్బు వెనక మన మౌలాలి గుట్ట పక్కన చుట్టిన కట్ట ఉంటుంది. పక్కనే ఉన్న ఈసీఐఎల్ 1967లో పుట్టింది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరే ఏఎస్ రావు నగర్‌కు పెట్టారు. మన దేశంలో తయారైన తొలి కంప్యూటర్లలో ఒకటి 1969లో అక్కడి నుంచే వచ్చింది. మనం ఓటు వేసే మెషీన్లూ అక్కడ తయారవుతాయి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆ గోడ అవతల ఫ్యాక్టరీతో పాటు ఒక బడి కూడా ఉంది. ఆ సంగతి మన ఇళ్ళల్లో తెలియదు. తెలియకపోవడం వల్ల పోయిన ఏడాది మా ఇంట్లోనే ఒక నుక్సాన్ జరిగింది.

మా ఆపా కూతురు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసింది. 74 శాతం మార్కులు. ఇంట్లో ఒక అఖీఖా దావత్ ఉండి అందరం కలిశాం. బిర్యానీ అయ్యాక దస్తర్‌ఖాన్ దగ్గరే అమ్మాయి నెమ్మదిగా చెప్పింది: "మామూ, బార్క్ ట్రైనింగ్ స్కూల్‌కు ఫారం నింపుతాను." అంతే, మజ్లిస్ మొదలైంది. మా దూలాభాయ్ "ఎంత కట్టాలి?" అన్నాడు. ఒక ఫుప్పా "ఉనో అప్నే లోగాఁకు నై లేతే, పోలీస్ వెరిఫికేషన్‌లోనే కట్ చేస్తారు" అన్నాడు. ఒక ఖాలా "ఆ రేడియేషన్‌లో పని చేస్తే పిల్లలు పుట్టరట" అంది. మా ఆపా మాత్రం ఒకటే అడిగింది: "ఏడాది పాటు బంబయిలో హాస్టలా? వచ్చిన రిష్తాకు ఏం జవాబు చెప్పాలి?" మష్వరా తెగలేదు. రెండు వారాలు నడిచింది. ఆలోపు ఫారం గడువు దాటిపోయింది. అప్పుడు నేను కూడా అక్కడే ఉన్నాను. పత్రికలో పని చేసేవాణ్ణి, నాకైనా తెలిసి ఉండాలి కదా. "చూద్దాం" అని ఊరుకున్నాను. నా కసూర్ అందులో ఉంది కాబట్టే ఇది రాస్తున్నాను.

ఆ రోజు అడిగిన ఒక్కో సవాల్‌కు ఇప్పుడు జవాబు చెబుతాను. ఆలస్యంగానే.

ముందు దూలాభాయ్ సవాల్. ఎంత కట్టాలి? ఏమీ కట్టక్కర్లేదు. వాళ్ళే ఇస్తారు. బార్క్ ట్రైనింగ్ స్కూల్ 1957 ఆగస్టులో ట్రాంబేలో మొదలైంది. హోమీ భాభా ఆలోచన అది. మన దేశంలో రియాక్టర్ గురించి తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది ఉన్న రోజులు. బయటి దేశాల నుంచి మనుషుల్ని తెచ్చుకోవడం కన్నా, ఏటా మన పిల్లల్నే తీసుకుని మనమే తయారు చేసుకుందాం అన్నాడాయన. అప్పటి నుంచి ఏటా ఒక బ్యాచ్. ఇంజనీరింగ్ చేసినవాళ్ళను, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయో సైన్సులు, జియాలజీ, జియోఫిజిక్స్‌లో పీజీ చేసినవాళ్ళను తీసుకుని ఏడాది తాలీమ్ ఇస్తారు. నెలనెలా స్టైపెండ్ ఉంటుంది. పాస్ అయితే సైంటిఫిక్ ఆఫీసర్, గ్రూప్ ఏ పోస్టు. ఏడో వేతన సంఘం లెక్కన మూల వేతనం 56,100 దగ్గర మొదలు. మూడేళ్ళు పని చేస్తామని ఒక బాండ్ రాయాలి. చదువు ఆగదు కూడా. హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ అని 2005 నుంచి ఒక డీమ్డ్ యూనివర్సిటీ ఉంది, దాని కింద ఎంటెక్, పీహెచ్‌డీ చేసుకోవచ్చు.

ఇంజనీరింగ్ కాలేజీలకు లక్షలు పోసి, అప్పు తీర్చలేక అబ్బాయిని ఖతర్ పంపిన ఇళ్ళు మన మొహల్లాలో ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పాలా? అబ్దుల్ కలామ్ సాబ్ మద్రాసు ఎంఐటీలో చేరడానికి ఆయన అక్క జొహ్రా తన గాజులు, గొలుసు తాకట్టు పెట్టిందని ఆయనే రాసుకున్నారు. ఇక్కడ ఎవరి గాజులూ తీయక్కర్లేదు. దరఖాస్తు ఫీజు 500 రూపాయలు, అది కూడా ఆడపిల్లలకు మాఫ్.

ఆపా సవాల్‌లో బంబయి గురించి. ట్రాంబే ఒక్కటే కాదు. కల్పాక్కంలో ఉంది, ఇండోర్‌లో ఉంది. మన హైదరాబాద్‌లో రెండున్నాయి. ఒకటి ఎన్‌ఎఫ్‌సీలో, అంటే మా అబ్బా దుకాణం నుంచి సైకిల్ మీద పది నిమిషాలు. రెండోది బేగంపేటలో, అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్‌లో, జియాలజీ వాళ్ళకు. ఎవరికి ఏ స్కూలు అనేది సబ్జెక్టును బట్టి వాళ్ళు నిర్ణయిస్తారు, మన ఇష్టం ఉండదు. ఫిజిక్స్ పిల్లకు బంబయే రావచ్చు. సర్కారీ హాస్టల్, సర్కారీ క్యాంపస్, గేటు దగ్గర పాస్ లేకుండా ఈగ కూడా పోదు. పెళ్ళి చేసి దుబాయిలో మనకు ఒక్క మనిషి తెలియని ఊరికి పంపడానికి మనకు ధైర్యం ఉంది. చదువుకు ట్రాంబే పంపడానికి లేదు. మా ఆపాతో ఈ మాట అన్నాను. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు.

ఖాలా సవాల్. రేడియేషన్ అంటే భయం ఉండాల్సిందే, అది లేనివాళ్ళతోనే ప్రమాదం. కాని అక్కడ లెక్క ఉంటుంది. అలాంటి చోట పని చేసేవాళ్ళ ఛాతీ మీద ఒక బ్యాడ్జీ ఉంటుంది. ఎంత రేడియేషన్ తగిలిందో అది పట్టుకుంటుంది, దాన్ని వేళకు తీసుకుని కొలుస్తారు. ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు మించకూడదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు, ఇది చట్టం. గర్భంతో ఉన్న ఉద్యోగినికి ఇంకా తక్కువ హద్దు. పైగా ఆ శాఖలో చాలామంది పని కంప్యూటర్ మీద, లోహాల మీద, విత్తనాల మీద. రాయలసీమలో వేరుశనగ పండించే మన చుట్టాలు టీఏజీ-24 అనే రకం పేరు వినే ఉంటారు. అందులో 'టీ' అంటే ట్రాంబే. బార్క్ వాళ్ళు తయారు చేసిన విత్తనం అది. క్యాన్సర్ రోగికి రేడియేషన్ ఇచ్చే 'భాభాట్రాన్' మెషీన్ కూడా వాళ్ళదే. విశాఖ దగ్గర అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రి నడిచేది కూడా ఈ అణుశక్తి శాఖ కిందే. నిజానికి అణుశక్తి మన ఇళ్ళకు ఎక్కువగా వచ్చేది ఆసుపత్రి దారిలో. థైరాయిడ్‌కు ఇచ్చే అయోడిన్ మందు కూడా రియాక్టర్‌లో పుట్టిందే.

ఇక ఫుప్పా సవాల్. దీన్ని దాటేసి పోలేను.

పేరు చూసి ఇల్లు కిరాయికి ఇవ్వని చోట నేను రెండు సార్లు నిలబడ్డాను. అందుకే "వివక్ష ఎక్కడుంది భాయ్" అని తేలిగ్గా మాట్లాడేవాళ్ళను చూస్తే నాకూ కోపం వస్తుంది. 2006లో సచార్ కమిటీ చెప్పిన లెక్క తెలుసు, ఐఏఎస్‌లో మనవాళ్ళు 3 శాతం. కాని ఆ శాతం ఎందుకు అంత తక్కువో వెతికితే, ఇంటర్వ్యూ గది కన్నా చాలా ముందే మనం ఆగిపోయిన చోట్లు కనబడతాయి. ఈ స్కూల్ ఎంపిక చూడండి. గేట్ స్కోరు గాని, వాళ్ళ ఆన్‌లైన్ ఇమ్తెహాన్ గాని. ఆన్‌లైన్ అయితే 100 ప్రశ్నలు, రెండు గంటలు, సరైన జవాబుకు 3 మార్కులు, తప్పుకు ఒకటి కోత. ఆ పరీక్షకు మన పేరు తెలియదు. తర్వాత ఇంటర్వ్యూ. ఆఖరి నతీజా ఇంటర్వ్యూ మీదే. అక్కడ మనుషులుంటారు, మనుషులున్న చోట ఏమైనా జరగవచ్చు, ఒప్పుకుంటాను. కాని వాళ్ళు పట్టుకునేది సబ్జెక్టు మూలాలను. గైడ్లు బట్టీ పట్టినవాళ్ళు అక్కడ బయటపడిపోతారు. వెరిఫికేషన్ సర్కారీ నౌకరీలో అందరికీ ఉంటుంది, శర్మకూ షరీఫ్‌కూ. ఫారమే నింపకపోతే మనల్ని ఎవరు ఆపారో ఎలా తెలుస్తుంది? తీసుకోరు అని ఫుప్పా అన్న మాటకు దలీల్ అడిగితే, ఆయనకు తెలిసినవాళ్ళలో దరఖాస్తు పెట్టినవాడు ఒక్కడూ లేడు.

ఈ "అది మన జాగా కాదు" అనే మాట ఎప్పటి నుంచి మొదలైందో నాకు అర్థం కాదు. మన హైదరాబాద్‌లో 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టినప్పుడు సైన్సు ఉర్దూలో చెప్పారు. దానికి ఏడాది ముందే దారుల్ తర్జుమా పెట్టి, ఫిజిక్స్, కెమిస్ట్రీ పుస్తకాలకు కూర్చుని మాటలు తయారు చేశారు. అక్కడ ఉర్దూలో చదువుకున్న మన ఊరి కుర్రాడు రజీయుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జ్ వెళ్ళి, అక్కడి నుంచి జర్మనీలోని లైప్‌జిగ్ వెళ్ళి, హైజెన్‌బర్గ్ దగ్గర డాక్టరేట్ చేశాడు. క్వాంటం మెకానిక్స్ అప్పుడే పుడుతున్న రోజులు, అది పుడుతున్న ఇంట్లోనే మనవాడు. తిరిగి వచ్చి ఉస్మానియాలో పాఠం చెప్పాడు. తక్సీమ్ తర్వాత పాకిస్తాన్ వెళ్ళిపోయాడు, అది వేరే బాధ.

ఆ మాటలు నాకు ఇప్పటికీ ఇష్టం. అణువుకు జౌహర్, కేంద్రకానికి మర్కజా, ఎలక్ట్రాన్‌కు బర్ఖియా, రేడియోధార్మికతకు తాబ్‌కారీ. జౌహరీ తవానాయీ అంటే అణుశక్తి. చార్మినార్ దగ్గర నగల దుకాణం నడిపేవాడూ జౌహరీనే, చిన్నప్పుడు నేను ఈ రెండూ ఒకటే అనుకున్నాను. తర్వాత తెలుగు డిగ్రీకి వచ్చి చూస్తే 'రేడియోధార్మికత' అని ఉంది. అందులో ధర్మం ఎక్కడి నుంచి వచ్చిందా అని క్లాసులో అడిగి తిట్లు తిన్నాను.

నేను తెలుగు డిగ్రీ చదివింది తెలుగు మీద ఇష్క్‌తో అని అందరికీ చెబుతుంటాను. సగం నిజం. తొమ్మిదో తరగతిలో నాకు ఫిజిక్స్ పిచ్చి. మా ఉర్దూ మీడియం బడిలో (పేరు వద్దు) ఒక బీరువా ఉండేది, అందులో ల్యాబ్ సామాను. దాని తాళం చెవి ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు. గాజు తలుపు లోంచి ప్రిజం కనబడేది. మూడేళ్ళు దాన్ని బయటి నుంచే చూశాను. పది పాసయ్యాక సైకిల్ మీద వెళ్ళగలిగే దూరంలో ఉర్దూలో ఎంపీసీ లేదు, ఇంగ్లీషులో చేరడానికి నాకు ధైర్యం లేదు. ఆర్ట్స్ తీసుకున్నాను. ఉర్దూ మీడియం పిల్లలు సైన్సు వదిలేసేది ఎక్కువగా ఆ మలుపులోనే, పదికీ ఇంటర్‌కూ మధ్య. అక్కడ ఆరు నెలలు బ్రిడ్జ్ క్లాసు ఒకటి ఉంటే, ఈ మాటకు ఇంగ్లీషులో ఇది అని చెప్పే ఒక ఉస్తాద్ ఉంటే చాలు. ఉర్దూ బడులను మూసేయాలనే వాళ్ళతో నేను లేను. వాటిలో ఫిజిక్స్ టీచరు పోస్టు ఖాళీగా పెట్టి, ఆ తర్వాత ఫలితాలు చూపించి ఎగతాళి చేసేవాళ్ళతో అసలు లేను.

ఇప్పటి పిల్లలకు ఆ అడ్డు కొంత తగ్గింది. తెలంగాణలో మైనారిటీ గురుకులాలు 200 పైగా ఉన్నాయి, ఇంగ్లీషు మీడియం, చాలాచోట్ల ఇంటర్ కూడా. అక్కడి పిల్లలను "నీట్, ఎంసెట్ కాక ఇంకేం తెలుసు?" అని అడిగి చూడండి. భువనేశ్వర్‌లో నైసర్ అని ఒక సంస్థ ఉంది, ముంబయిలో సీఈబీఎస్ ఉంది. రెండూ అణుశక్తి శాఖవే, 2007లో మొదలయ్యాయి. ఇంటర్ తర్వాత 'నెస్ట్' అనే పరీక్ష రాస్తే ఐదేళ్ళ ఎమ్మెస్సీ, స్కాలర్‌షిప్ కూడా దొరుకుతుంది. బైపీసీ పిల్లలు కూడా రాయవచ్చు. నీట్‌లో ర్యాంకు రాక రెండో ఏడాది, మూడో ఏడాది లాంగ్ టర్మ్‌లో కూర్చుంటున్న మన ఆడపిల్లలకు ఈ పేరు ఎవరైనా చెప్పారా?

పెద్ద డిగ్రీలు లేని ఇళ్ళకూ దారి ఉంది. స్టైపెండరీ ట్రైనీ అని బార్క్ తీసుకుంటుంది. డిప్లొమా, బీఎస్సీ వాళ్ళకు ఒక వర్గం, ఇంటర్, ఐటీఐ వాళ్ళకు ఇంకో వర్గం. తాలీమ్ ఇస్తూ డబ్బులిస్తారు. 2023లో ఒకే ప్రకటనలో మొత్తం 4,374 పోస్టులు వేశారు. ఎన్‌ఎఫ్‌సీ, ఈసీఐఎల్ ఐటీఐ పిల్లలను అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. ఫిట్టర్, వెల్డర్ చదివిన మన అబ్బాయిలు ఏజెంటుకు డబ్బు కట్టి గల్ఫ్ విమానం ఎక్కేముందు, ఇంటి పక్క గేటు మీద అంటించిన నోటీసు చదవరు. ఇంకో సంగతి, ఆ గల్ఫ్‌లోనే అబూదాబీలో బరాకా దగ్గర నాలుగు అణు రియాక్టర్లు కట్టేశారు. అక్కడికి మనవాళ్ళు డ్రైవర్లుగానే వెళ్ళాలా?

సర్టిఫికెట్ల దగ్గర ఒక జాగ్రత్త. మన రాష్ట్రాల్లో ఉన్న బీసీ-ఈ సర్టిఫికెట్ రాష్ట్ర కొలువులకు, సీట్లకు. కేంద్ర ఓబీసీ జాబితా వేరు. దూదేకుల లాంటి కొన్ని వర్గాలు అందులో ఉన్నాయి, అందరూ లేరు. మీ పేరు అందులో లేకపోతే, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండి ఆస్తి షరతులు సరిపోతే ఈడబ్ల్యూఎస్ వస్తుందేమో ఎమ్మార్వో ఆఫీసులో కనుక్కోండి. ఫారం నింపే రాత్రి కాదు, రెండు నెలల ముందు. ట్రైనింగ్ స్కూల్‌కు జనరల్ వాళ్ళ వయసు హద్దు 26, ఓబీసీకి 29. ఈడబ్ల్యూఎస్‌కు వయసులో సడలింపు లేదు.

"నువ్వేమో నల్లమలలో యురేనియం వద్దని రాశావు, ఇప్పుడు పిల్లల్ని అదే శాఖకు పంపమంటున్నావు" అని ఒక పాత దోస్త్ అడిగాడు. నిజమే. 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ ఆ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది, నేను ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. కడప జిల్లా తుమ్మలపల్లె చుట్టుపక్కల రైతులు బోరు నీళ్ళ గురించి అడుగుతున్న ప్రశ్నలు కూడా న్యాయమైనవే. కాని ఆ నీళ్ళ రిపోర్టు నా చేతికిస్తే నేను చదవలేను. అందులో ఏ అంకె దగ్గర ఆగాలో చెప్పగలిగిన జియాలజిస్టు మన తరఫున ఒకరు కావాలి కదా. ఎదిరించాలన్నా ఇల్మ్ కావాలి, ఆ ఇల్మ్ నేర్పే చోట్లు దేశంలో తక్కువ.

మస్జిద్ కమిటీల పెద్దలకు ఒక అర్జీ. జుమా రోజు నోటీసు బోర్డు మీద జనాజా ఖబర్లు, చందా రసీదుల పక్కన ఒక కాగితం జాగా ఇవ్వండి. ట్రైనింగ్ స్కూల్ ప్రకటన సాధారణంగా జనవరి ప్రాంతంలో వస్తుంది. ఆ శాఖ పెద్దలు కూడా మౌలాలి, కుషాయిగూడ, నాచారం బడుల కోసం ఉర్దూలో, తెలుగులో ఒక కరపత్రం వేస్తే, ఏడాదికొక రోజు పదో తరగతి పిల్లల్ని పిలిచి ఆ నల్ల బిళ్ళ నమూనా చూపిస్తే, గోడ ఎత్తు కొంచెం తగ్గుతుంది. పెద్ద ఖర్చేం కాదు.

మా భాంజీకి ఈ ఆగస్టుకు 25 నిండాయి. అంటే ఇంకొక్క మౌఖా, మహా అయితే. గేట్‌కు కట్టింది, ఆన్‌లైన్ పరీక్షా రాస్తానంది. పోయిన ఆదివారం మా ఇంటికి వచ్చి నా కంప్యూటర్ ముందు కూర్చుని పాత ప్రశ్నలు చేసుకుంటోంది. మా ఆపా కూడా వెంట వచ్చింది. చాయ్ తాగుతూ చాలాసేపు ఏమీ అనలేదు. వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ అడిగింది: "ఆ ట్రాంబే హాస్టల్‌లో వంట ఎవరు చేస్తారట?" కనుక్కుని చెబుతానన్నాను.